మా మొబైల్ స్టార్టర్లకు నకిలీలు వచ్చాయి, అవి మా సర్వర్‌కే లాగిన్ అవుతున్నాయి. సెక్యూరిటీ చిప్ పెడితే ఆగుతుందా?

బోర్‌స్టార్టర్ · విజయవాడ ఆటోనగర్ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది చిన్న యూనిట్. వ్యవసాయ మోటార్లకు మొబైల్ స్టార్టర్లు చేస్తాం. బోర్డు మీద ఈఎస్‌పీ32 ప్రాసెసర్, పక్కన 4జీ మోడెమ్, రెండు రిలేలు, మూడు ఫేజుల వోల్టేజి చూసే సర్క్యూట్. రైతు యాప్‌లో నొక్కితే మా సర్వర్ నుంచి ఎంక్యూటీటీలో (పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) కమాండ్ వెళ్లి మోటారు ఆన్ అవుతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గినా దానంతటదే ఆగుతుంది.

ఈ మధ్య "స్టార్టర్ ఊరికే ఆఫ్‌లైన్ అవుతోంది" అని ఫోన్లు ఎక్కువయ్యాయి. సిగ్నల్ సమస్య అనుకున్నాం. లాగ్స్ తీసి చూస్తే ఒకే సీరియల్ నంబరుతో రెండు చోట్ల నుంచి లాగిన్లు. ఒకటి ఎక్కగానే రెండోది పడిపోతోంది, అది మళ్లీ ఎక్కగానే ఇది పడిపోతోంది. గుంటూరు వైపు ఒక షాపులో అచ్చం మా పెట్టెలాంటిదే తక్కువ ధరకు అమ్ముతున్నారని తెలిసి, ఒకటి తెప్పించి విప్పాం. లేఅవుట్ వేరు, కెపాసిటర్లు నాసిరకం, ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాము) మాత్రం మాదే. బూట్ మెసేజిలో మా వెర్షన్ నంబరు కూడా తీయలేదు మహానుభావుడు.

ప్రస్తుతం మా లాగిన్ ఇలా ఉంది: యూజర్‌నేమ్ అంటే సీరియల్ నంబరు, పాస్‌వర్డ్ అన్ని పెట్టెలకూ ఒకటే. కోడ్ రాసిచ్చిన ఫ్రీలాన్సర్ అలా పెట్టి వెళ్లాడు. పొలాల్లో వేల పెట్టెలున్నాయి. కొత్త బోర్డులో ఏదైనా సెక్యూరిటీ చిప్ పెడదామంటే వంద రూపాయలకు మించి భరించలేం. ఏం చేయమంటారు?

---

ఫ్యూజ్‌బిట్ · చర్లపల్లి · సోమవారం రాత్రి 9:40

మీ లాగ్స్‌లో కనిపించింది ఎంక్యూటీటీ నియమమే అండి. ఒకే క్లయింట్ ఐడీతో రెండోవాడు వస్తే బ్రోకర్ (సందేశాలు పంచే సర్వర్) మొదటివాడిని తెంచేయాలి. అసలు పెట్టె, నకిలీ పెట్టె రెండూ కుర్చీలాట ఆడుతున్నాయి.

కాపీ ఎలా కొట్టాడో కూడా చెబుతాను. ఈఎస్‌పీ32కు ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ (ప్రోగ్రాము ఉండే మెమరీని గుప్తంగా మార్చడం) పెట్టకపోతే యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ తగిలించి ఈఎస్‌పీటూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాష్ మొత్తం కొద్ది నిమిషాల్లో చదివేయొచ్చు. ఆ ఫైల్‌లో అక్షరాలు వెతికితే మీ పాస్‌వర్డ్ సాదాసీదాగా కనిపిస్తుంది. సీరియల్ నంబరు ఎలాగూ పెట్టె మీద స్టిక్కరే చెబుతోంది.

నకిలీ అమ్మకాల కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు ఏ సీరియల్ నంబరుతోనైనా మీ బ్రోకర్‌లోకి దూరగలడు. మీ బ్రోకర్‌లో ఎవరు ఏ టాపిక్‌కు (సందేశాల చిరునామాకు) పంపొచ్చు అన్న కట్టడి లేకపోతే వేరే రైతు మోటారును ఆన్ చేయగలడు. అక్కడ ఎవరైనా స్టార్టర్ మూత తీసి చేతులు పెట్టి ఉంటే? చిప్ సంగతి తర్వాత, ముందు అది చూడండి.

---

బోర్‌స్టార్టర్ · సోమవారం రాత్రి 9:58

కట్టడి లేదండీ. ఇప్పుడే చూశాను. ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు, ఒకటే టెన్షన్.

---

ఫ్యూజ్‌బిట్ · సోమవారం రాత్రి 10:21

మీది మస్కిటో బ్రోకర్ అయితే ఏసీఎల్ ఫైల్‌లో (ఎవరికి ఏ హక్కో రాసే ఫైలు) కొన్ని లైన్లు చాలు. ఎవరి యూజర్‌నేమ్ ఉన్న టాపిక్ వాళ్లకే, కమాండ్ పంపే హక్కు మీ సర్వర్ ఖాతాకు మాత్రమే. ఇది ఈ రాత్రికే చేసేయొచ్చు, పెట్టెల జోలికి పోనక్కర్లేదు. దీనితో నకిలీలు ఆగవు గానీ ఒకడు ఇంకొకడి మోటారు ముట్టుకోవడం ఆగుతుంది. వివరంగా రేపు రాస్తాను.

---

కొత్తబీటెక్ · కాకినాడ · మంగళవారం ఉదయం 7:05

చిన్న సందేహం సార్. పాస్‌వర్డ్ బదులు మ్యాక్ అడ్రసో, మోడెమ్ ఐఎంఈఐనో చెక్ చేస్తే సరిపోదా? అవి ప్రతి పెట్టెకూ వేరుగానే ఉంటాయి కదా. హార్డ్‌వేర్‌తోనే వస్తాయి కూడా.

---

ఫ్యూజ్‌బిట్ · మంగళవారం ఉదయం 8:30

వేరుగా ఉండటం ఒకటి, రహస్యంగా ఉండటం ఇంకోటి. ఐఎంఈఐ చెప్పి లోపలికి రావడమంటే పెళ్లి పందిరి దగ్గర "పెళ్లికొడుకు తరఫు" అని చెప్పి భోజనానికి కూర్చోవడమే. మ్యాక్ అడ్రస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లైనుతో మారుతుంది. ఐఎంఈఐ మోడెమ్ మీదే ముద్రించి ఉంటుంది, పైగా మీ సర్వర్‌కు దాన్ని పంపేది ఈఎస్‌పీ32లోని ప్రోగ్రామే. ఆ ప్రోగ్రాము రాసినవాడు ఏ నంబరైనా పంపుతాడు.

కావలసింది ఏంటంటే, రహస్యం పెట్టె దాటి బయటికి రాకూడదు, అయినా అది తన దగ్గర ఉందని పెట్టె నిరూపించగలగాలి. సర్వర్ ప్రతిసారీ కొత్త ర్యాండమ్ నంబరు పంపుతుంది. పెట్టె తన ప్రైవేట్ కీతో (తన దగ్గర మాత్రమే ఉండే రహస్యం) దాని మీద సంతకం చేసి పంపుతుంది. సర్వర్ దానికి జోడైన పబ్లిక్ కీతో సరిచూస్తుంది. దారిలో ఎవడైనా ఆ సంతకాన్ని పట్టుకున్నా వచ్చేసారి నంబరు మారిపోతుంది కాబట్టి పనికిరాదు. టీఎల్‌ఎస్‌లో (సర్వర్‌తో గుప్తంగా మాట్లాడే పద్ధతి) క్లయింట్ సర్టిఫికెట్, అంటే పబ్లిక్ కీ ఎవరిదో చెప్పే పత్రం, అడిగినప్పుడు జరిగేది దాదాపు ఇదే. అప్పటిదాకా నడిచిన సంభాషణ మొత్తానికి హ్యాష్ (వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య) తీసి దాని మీద సంతకం పెట్టిస్తారు.

ఇక హార్డ్‌వేర్ ఎందుకంటే, ఆ ప్రైవేట్ కీ ఫ్లాష్‌లో ఉంటే ఫ్లాష్ కాపీతో పాటే పోతుంది. చిప్‌లోనే పుట్టి, చిప్‌లోనే సంతకం చేసి, చదవడానికి కమాండే లేని చోట ఉంటే ఫర్మ్‌వేర్ కాపీ కొట్టినా ప్రయోజనం లేదు.

---

టెండర్‌బాబు · కర్నూలు · మంగళవారం ఉదయం 9:15

ఇది మా కాంట్రాక్టర్లకు బాగా అలవాటే. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు వేయాలంటే డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చాలి కదా. దానిలోని కీ కంప్యూటర్‌లోకి కాపీ అవదు, అందుకే ఆడిటర్ దగ్గర ఒకటి, ఆఫీసులో ఒకటి పెట్టుకోలేక ఒకే టోకెన్ కోసం బైకు మీద మనిషిని పరిగెత్తిస్తుంటాం. పిన్ నంబరు మాత్రం టోకెన్ మీదే స్టిక్కర్ అంటించి రాస్తారు, అది వేరే కథ.

---

ఫ్యూజ్‌బిట్ · మంగళవారం ఉదయం 11:02

బోర్‌స్టార్టర్ గారూ, మీ వంద రూపాయల లెక్కలో రెండు దారులున్నాయి.

మొదటిది విడి చిప్. మైక్రోచిప్ వాళ్ల ఏటీఈసీసీ608 ఎక్కువమంది వాడేది. ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు, ప్రాసెసర్‌తో మాట్లాడటానికి ఐ2సీ అనే పద్ధతిలో రెండు వైర్లు. లోపల 16 స్లాట్లు, పీ-256 కర్వ్ (ఒక రకం సంతకం లెక్క) మీద కీ తనే పుట్టించుకుంటుంది, తనే సంతకం చేస్తుంది. ఈఎస్‌పీ32కు ప్రోగ్రాము రాసే ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో దీనికి సపోర్ట్ ఉంది. ఈఎస్‌పీ32 చేసే ఎస్‌ప్రెసిఫ్ వాళ్లు ఈ చిప్పును లోపల పెట్టి ఈఎస్‌పీ32-రూమ్-32ఎస్‌ఈ అనే మాడ్యూల్ కూడా తెచ్చారు.

రెండోది, విడి చిప్ లేకుండా ప్రాసెసర్‌నే మార్చడం. ఈఎస్‌పీ32-ఎస్3, సీ3 లాంటి వాటిలో డిజిటల్ సిగ్నేచర్ పెరిఫెరల్ ఉంటుంది. ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీని ఎన్‌క్రిప్ట్ చేసి ఫ్లాష్‌లో పెడతాం. దాన్ని విప్పే కీ ఈ-ఫ్యూజ్‌లో (చిప్‌లో ఒకసారి రాస్తే చెరగని చోటు) ఉంటుంది, హార్డ్‌వేర్ మాత్రమే దాన్ని చదవగలదు. ప్రోగ్రాము "దీని మీద సంతకం చెయ్" అని అడగడమే తప్ప కీని చూడలేదు. అదనంగా పైసా ఖర్చు లేదు.

నేనైతే రెండోదానికే ఓటు. మీకు వస్తువుల జాబితాలో ఇంకో పార్టు, ఇంకో సప్లయర్ తలనొప్పి తప్పుతుంది. దాంతో పాటు సెక్యూర్ బూట్ (మన సంతకం ఉన్న ప్రోగ్రామే నడిచేలా చేసేది), ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ రిలీజ్ మోడ్‌లో ఆన్ చేయాలి. డెవలప్‌మెంట్ మోడ్‌లో వదిలేసి మార్కెట్‌లోకి పంపినవి ఎన్నో చూశాను.

---

గ్లిచ్‌గురువు · బెంగళూరు · మంగళవారం మధ్యాహ్నం 1:20

ఈ-ఫ్యూజ్ మీద అంత నమ్మకం వద్దు బ్రదర్. 2019లో లిమిటెడ్ రిజల్ట్స్ అనే పేరుతో రాసే పరిశోధకుడు పాత ఈఎస్‌పీ32కు సరిగ్గా అనుకున్న క్షణంలో వోల్టేజి కుదుపు ఇచ్చి ఈ-ఫ్యూజ్‌లోని ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ కీ, సెక్యూర్ బూట్ కీ రెండూ బయటికి లాగాడు. ఆ సిలికాన్‌కు సాఫ్ట్‌వేర్ ప్యాచ్ లేదు, తర్వాతి రివిజన్లో సరిచేసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఎన్‌ఆర్‌ఎఫ్52 అనే ఇంకో చిప్ డీబగ్ లాక్‌నూ ఇదే పద్ధతిలో తెరిచాడు.

విడి చిప్ అయితే అంతా క్షేమమా అంటే అదీ లేదు. లెడ్జర్ కంపెనీ దోంజాన్ ల్యాబ్ వాళ్లు చిప్ వెనక భాగం గీకి లేజర్ కొట్టి, 2020లో ఏటీఈసీసీ508ఏ నుంచి, ఆ తర్వాత 608ఏ నుంచి కూడా రహస్య డేటా తీశారు. 2017లో ఇన్ఫినియన్ చిప్‌లలో కీలు పుట్టించే లైబ్రరీలో రోకా అనే లోపం బయటపడ్డప్పుడు లేజర్ కూడా అక్కర్లేకపోయింది. పబ్లిక్ కీ చూసి ప్రైవేట్ కీ లెక్కకట్టొచ్చు. ఎస్తోనియాలో సుమారు 7.5 లక్షల గుర్తింపు కార్డుల సర్టిఫికెట్లు నిలిపేయాల్సి వచ్చింది.

పంపు స్టార్టర్‌కు ఇదంతా చూస్తుంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నట్టుంది.

---

ఫ్యూజ్‌బిట్ · మంగళవారం మధ్యాహ్నం 2:06

గోటితో పోయేది కాదు కదా, నకిలీలు ఇప్పటికే షాపులో ఉన్నాయి. మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ లేజర్ బల్ల మీద ఒక చిప్ పగలగొడితే ఎన్ని పెట్టెలు పోతాయి? ఒక్కటి. ఆ ఒక్క కీని వెయ్యి నకిలీల్లో పెడితే సర్వర్‌లో ఒకే గుర్తింపుతో వెయ్యి లాగిన్లు కనిపిస్తాయి, ఒక్క వరుస బ్లాక్ చేస్తే అన్నీ మూగబోతాయి.

అసలు భయపడాల్సింది అన్నిటికీ ఒకే కీ ఉన్నప్పుడు. ఫిలిప్స్ హ్యూ బల్బుల మీద 2016లో ఎయల్ రోనెన్, ఆది షమీర్ బృందం చేసింది చూడండి. బల్బు వాడే కరెంటులో హెచ్చుతగ్గులు కొలిచి ఫర్మ్‌వేర్‌ను కాపాడే ఏఈఎస్ కీ తీశారు. ఒక బల్బు నుంచి తీసిన కీ ఆ మోడల్ బల్బులన్నిటికీ పనిచేసింది. కీ చిప్‌లోనే ఉంది, అయినా ఏం లాభం?

---

గ్లిచ్‌గురువు · మంగళవారం మధ్యాహ్నం 2:31

ఆ మాటకు ఒప్పుకుంటా. అయితే మీ డిజైన్‌లో 608 పెడితే ఒకటి గుర్తుంచుకోండి. బోర్డు చేతిలో ఉన్నవాడికి కీ తీయాల్సిన పని లేదు. చిప్‌ను హాట్ ఎయిర్‌తో ఊడదీసి తన బోర్డులో అతికించుకుంటే అది అక్కడా బుద్ధిగా సంతకాలు చేస్తుంది. దానికి యజమాని ఎవరో తెలియదు. అందుకే చిప్‌నూ ప్రాసెసర్‌నూ ఒక రహస్యంతో జత కట్టాలి. 608లో ఐఓ ప్రొటెక్షన్ కీ అని ఉన్నది అందుకే, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

---

పాతటెలికం · రాజమండ్రి · మంగళవారం సాయంత్రం 5:45

నేను రిటైరైన టెలికం మనిషిని. మీరంతా చిప్ కొనాలా వద్దా అంటున్నారు గానీ, ఆ పెట్టెలో ఇప్పటికే ఒక సెక్యూరిటీ చిప్ ఉంది. సిమ్ కార్డు! దానిలో కేఐ అనే 128 బిట్ల కీ ఉంటుంది. అది కార్డులో ఒకటి, ఆపరేటర్ దగ్గర ఒకటి, ఇంకెక్కడా ఉండదు. నెట్‌వర్క్ 128 బిట్ల ర్యాండమ్ నంబరు పంపితే సిమ్ లోపలే లెక్క చేసి 32 బిట్ల జవాబు ఇస్తుంది. ఫ్యూజ్‌బిట్ గారు పొద్దున చెప్పిన కథే, మేము తొంభైలలో నడిపింది.

దానికీ దెబ్బలు తగిలాయి లెండి. చాలా ఆపరేటర్లు వాడిన కాంప్128 లెక్కను 1998లో కాలిఫోర్నియాలో విరగ్గొట్టారు, కార్డు చేతిలో ఉంటే కేఐ తీసి ఇంకో కార్డు చేసేవాళ్లు. పైగా 2జీలో సిమ్‌ను నెట్‌వర్క్ పరీక్షిస్తుందే గానీ, నెట్‌వర్క్ అసలుదో కాదో ఫోన్ అడగదు. దొంగ టవరు పెట్టడం అందుకే కుదిరింది. 3జీ నుంచి రెండు వైపులా పరీక్ష వచ్చింది.

ఆపరేటర్ దగ్గర ఎం2ఎం సిమ్‌లు (మిషన్లలో వాడేవి), 13 అంకెల నంబర్లవి, ప్రైవేట్ ఏపీఎన్‌తో (మీకే విడిగా ఇచ్చే డేటా దారి) తీసుకోండి. మీ సర్వర్ ఆ ఏపీఎన్ నుంచి వచ్చేవాటినే రానిస్తుంది. నకిలీవాడి సిమ్ ఆ దారిలోకే రాలేదు.

---

ఫ్యూజ్‌బిట్ · మంగళవారం సాయంత్రం 6:20

పాతటెలికం గారు చెప్పింది బంగారం లాంటి మాట, ముఖ్యంగా ఇప్పటికే పొలాల్లో ఉన్న పెట్టెలకు. కానీ సిమ్ నిరూపించేది కనెక్షన్‌ను, బోర్డును కాదు. ఊడదీసి ఇంకో దాన్లో పెడితే పనిచేస్తుంది. 2011లో జొహానెస్‌బర్గ్‌లో సిమ్‌లున్న ట్రాఫిక్ లైట్లు బిగిస్తే సుమారు 400 సిగ్నళ్లలో దొంగలు పడి సిమ్‌లు ఎత్తుకెళ్లి ఫోన్ కాల్స్ మాట్లాడుకున్నారు. బిల్లు నగరపాలక సంస్థకు వచ్చింది.

సిమ్ ఒక గడప, సర్టిఫికెట్ రెండో గడప. రెండూ ఉండాలి.

---

నీళ్లముచ్చట · జనగామ · మంగళవారం రాత్రి 8:10

నేను ఇంజినీర్‌ను కాదు అన్నా, స్టార్టర్ వాడే రైతును. మా దిక్కు 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంట్ ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లే ఊరూరు తిరిగి చెప్పిన్రు. అట్లయినా మొబైల్ స్టార్టర్ లేకుంటే రాత్రిపూట పొలం కాడికి పోవుడు తప్పది, పాములుంటయి.

నా ప్రశ్న ఒక్కటే. పిడుగు పడి బోర్డు కాలిపోతే మా మెకానిక్ ఇంకో కాలిపోయిన స్టార్టర్‌లకెళ్లి మంచి బోర్డు తీసి ఏస్తడు. నాలుగు వందల్ల పని అయిపోతది. మీరు చిప్పులు పెట్టి జతలు కట్టి తాళాలేస్తే అప్పుడు నేను కొత్త పెట్టె కొనాల్నా?

---

బోర్‌స్టార్టర్ · మంగళవారం రాత్రి 8:34

మంచి ప్రశ్న అడిగారన్నా. మా అమ్మకాలు నడిచేదే ఆ మెకానిక్‌ల మాట మీద. వాళ్లకు కోపం వస్తే షాపులో మా పెట్టె కిందికి దించరు.

---

స్టుట్‌గార్ట్‌శీను · జర్మనీ · మంగళవారం రాత్రి 11:50

నేను ఇక్కడ ఫ్యాక్టరీ కంట్రోలర్ల మీద పనిచేస్తాను. ఈ ప్రశ్నకు మా రంగంలో జవాబు ఉంది. 802.1ఏఆర్ అనే ప్రమాణం 2009లో వచ్చింది, 2018లో సవరించారు. దాని ప్రకారం ఒక పరికరానికి రెండు గుర్తింపులు. ఐడెవ్ఐడీ ఫ్యాక్టరీలో పుట్టేది, జీవితాంతం మారదు. "ఇది ఫలానా కంపెనీ చేసిన ఫలానా సీరియల్ బోర్డు" అని మాత్రమే చెబుతుంది. ఎల్‌డెవ్ఐడీ కొన్నవాడి దగ్గర పుట్టేది. "ఇది ఫలానా రైతు ఫలానా మోటారు మీద ఉంది" అని చెబుతుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

మెకానిక్ బోర్డు మార్చాడనుకోండి. బోర్డు మీ కంపెనీదే కాబట్టి ఐడెవ్ఐడీతో సర్వర్ దాన్ని గుర్తుపడుతుంది. రైతు యాప్‌లో "బోర్డు మార్చాను" నొక్కి, బోర్డు మీది క్యూఆర్ స్కాన్ చేస్తే, పాత యజమానితో తెంపి కొత్త ఎల్‌డెవ్ఐడీ ఇస్తారు. పాత యజమాని యాప్‌కు ఒక మెసేజి వెళ్తుంది, దొంగిలించినదైతే వాడు కాదంటాడు. మెకానిక్‌కు విడిగా లాగిన్ ఇస్తే ఇంకా మేలు. గ్లిచ్‌గురువు గారు చెప్పిన జత కట్టడం చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్యే, అవి రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి. బోర్డును పెట్టెతో జత కట్టొద్దు.

సర్టిఫికెట్ గడువు గురించి కూడా. ఐడెవ్ఐడీకి గడువు తేదీ 9999 డిసెంబరు 31 అని వేయమంటుంది ఆ ప్రమాణం. నవ్వుకోకండి, పొలంలో పదేళ్లు పడి ఉండే పెట్టెకు రెండేళ్ల సర్టిఫికెట్ ఇచ్చి, ఒక ఉదయం ఊళ్లకు ఊళ్లు నీళ్లు ఆగిపోతే ఎవరూ నవ్వరు.

---

ఫ్యూజ్‌బిట్ · బుధవారం ఉదయం 8:15

గడువు మాట వచ్చింది కాబట్టి గడియారం మాట. మీ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం ఉందా? లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈఎస్‌పీ32 తాను 1970 జనవరి 1లో ఉన్నాననుకుంటుంది. సర్వర్ సర్టిఫికెట్ చూసి "ఇది ఇంకా అమల్లోకే రాలేదు" అని టీఎల్‌ఎస్ తెంచేస్తుంది. ముందు మోడెమ్‌ను అడిగి టవరు ఇచ్చే టైము తీసుకుని, ఆ తర్వాతే కనెక్ట్ అవ్వండి. టీఎల్‌ఎస్‌ను మోడెమ్ లోపల నడపొద్దు. మోడెమ్‌లో సర్టిఫికెట్ ఫైలుగా పెడితే కీ కూడా ఫైలుగానే ఉంటుంది, మన చిప్పుకు పని ఉండదు. మోడెమ్‌ను పీపీపీ మోడ్‌లో ఉత్త దారిగా వాడి, టీఎల్‌ఎస్ ఈఎస్‌పీ32 మీదే నడపాలి.

608 ఎంచుకుంటే ఇంకో చిన్న చిక్కు. ఆ చిప్ నిద్రపోతుంటుంది. ఐ2సీ వైర్లలో ఎస్‌డీఏ అనే లైనును 60 మైక్రోసెకన్లకు తక్కువ కాకుండా కిందికి లాగి లేపాలి. లేచాక కూడా దానికి వాచ్‌డాగ్ (లోపలి టైమర్) ఉంటుంది, ఒక సెకను దాటి కొంచెం కాగానే మళ్లీ పడుకుంటుంది. మోడెమ్ వైపు ఆలస్యమై మధ్యలో ఆగితే చిప్ జవాబు ఇవ్వదు, మీరేమో సోల్డరింగ్ బాగాలేదని బోర్డు పక్కన పడేస్తారు. ఇలా పారేసిన బోర్డుల ట్రే ఒకటి మా బల్ల మీద ఇంకా ఉంది, అన్నీ బంగారంలా పనిచేసేవే.

---

టెండర్‌బాబు · బుధవారం ఉదయం 9:30

ఒక అడ్డ ప్రశ్న. పెట్టె అసలుదే అని చిప్ చెబుతుంది సరే, నొక్కిన మనిషి అసలువాడే అని ఎవరు చెబుతారు? మన పెద్దపల్లి జిల్లాలో 2018లో ఒక సిమ్‌ల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు కదా. మిషను అసలుదే, వేలే నకిలీ.

---

స్టుట్‌గార్ట్‌శీను · బుధవారం మధ్యాహ్నం 12:40

సరైన ఉదాహరణ. ఆధార్ వేలిముద్ర మిషన్లలో ఎల్0, ఎల్1 అని రెండు స్థాయిలు పెట్టినా అవి చూసేది కీ, డేటా భద్రతనే. ఎల్0లో సంతకం, ఎన్‌క్రిప్షన్ ఫోన్ లేదా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతాయి. ఎల్1లో అవి మిషను లోపలి భద్రమైన భాగంలోనే జరగాలి, బయటి సాఫ్ట్‌వేర్ కీని చూడకూడదు, పాత వేలిముద్ర డేటాను మధ్యలో తోయకూడదు. అంతవరకే హార్డ్‌వేర్ పని. అద్దం మీద పెట్టింది చర్మమా రబ్బరా అని చూడటం వేరే పని, దానికి వేరే ఏర్పాటు కావాలి.

---

గ్లిచ్‌గురువు · బుధవారం మధ్యాహ్నం 1:15

అదే దారిలో నాదొక అనుమానం. బోర్‌స్టార్టర్ గారూ, మీ పెట్టె మిస్డ్ కాల్‌తో, ఎస్‌ఎంఎస్‌తో కూడా ఆన్ అవుతుందా? ఈ వస్తువుల్లో చాలావాటికి ఆ సౌకర్యం ఉంటుంది.

---

బోర్‌స్టార్టర్ · బుధవారం మధ్యాహ్నం 1:22

అవుతుంది. డేటా అందని ఊళ్లున్నాయి. చాలామంది రైతులకు ఇంకా బటన్ ఫోన్లే. రిజిస్టర్ చేసిన నంబరు నుంచి వస్తేనే తీసుకుంటుంది.

---

గ్లిచ్‌గురువు · బుధవారం మధ్యాహ్నం 1:50

అదిగో. ముందు తలుపుకు ఉక్కు గడియ, దొడ్డి తలుపు బార్లా. ఫోన్ చేసినవాడి నంబరు అబద్ధంగా చూపించడం కష్టమైన పని కాదు. మీరు ఎంత మంచి చిప్ పెట్టినా ఆ దారిలో అది నిద్రపోతూనే ఉంటుంది.

---

పాతటెలికం · బుధవారం సాయంత్రం 4:05

దీనికి మందు పాతదే, తిరిగి కాల్ చేయడం. మిస్డ్ కాల్ రాగానే మోటారు ఆన్ చేయొద్దు. రిజిస్టర్ చేసిన నంబరుకు పెట్టే తిరిగి ఫోన్ చేసి "మోటారు ఆన్ చేయాలంటే 1 నొక్కండి" అనాలి. నంబరు అబద్ధం చెప్పినవాడికి ఆ కాల్ వెళ్లదు, అసలు రైతుకే వెళ్తుంది. బటన్ ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఆఫ్ మాత్రం ఎవరు అడిగినా వెంటనే చేసేయండి. నీళ్లు కాసేపు ఆగినా ప్రాణాపాయం లేదు.

---

నీళ్లముచ్చట · బుధవారం సాయంత్రం 5:30

గిది మంచిగున్నది. అయితే తెలుగుల చెప్పాలె ఆ కాల్ల. నా దగ్గరున్న పెట్టె ఇంగ్లీషుల మాట్లాడ్తది, మా అమ్మ ఫోన్ ఎత్తి తిట్టి పెట్టేస్తది.

---

బోర్‌స్టార్టర్ · బుధవారం రాత్రి 9:20

అందరికీ కృతజ్ఞతలు. ఏసీఎల్ సోమవారం రాత్రే పెట్టేశాను, ఎక్కడా ఏమీ ఆగలేదు. కొత్త బోర్డు ఎస్3తో గీయిస్తున్నాం, 608 పెట్టడం లేదు. మిగిలింది పొలాల్లో ఉన్న పాత పెట్టెలు. వాటికి ఓటీఏలో (నెట్ ద్వారా) కొత్త ఫర్మ్‌వేర్ పంపి ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయించొచ్చా?

---

ఫ్యూజ్‌బిట్ · బుధవారం రాత్రి 9:48

ఆ పని మాత్రం చేయకండి. ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టేది బూట్‌లోడర్ (కరెంటు రాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము). మీ పాత బూట్‌లోడర్‌ను ఆ సదుపాయం లేకుండా బిల్డ్ చేసి ఉంటారు, మామూలు ఓటీఏ దాన్ని మార్చదు. ఏదోలా మార్చినా మొదటి బూట్‌లో ఫ్లాష్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయ్యేలోగా కరెంటు పోతే ఆ పెట్టె చచ్చినట్టే. పల్లె కరెంటుతో వేల పెట్టెల మీద ఆ జూదం ఆడలేం.

పాతవాటికి ఇలా చేయండి. ఓటీఏలో ఉమ్మడి పాస్‌వర్డ్ తీసేసి, ఒక్కో పెట్టె తనకు తనే ఒక కీ పుట్టించుకునేలా చేయండి. మొదటిసారి నమోదు చేసేటప్పుడు సీరియల్‌తో పాటు మీ అమ్మకాల రిజిస్టర్‌లోని సిమ్ నంబరు, రైతు ఫోన్‌కు ఓటీపీ, రెండూ కలవాలి. నకిలీ పెట్టెకు అక్కడ ఓటీపీ రాదు. ఫ్లాష్ చదివితే ఆ కీ దొరుకుతుంది, కానీ ఆ ఒక్క పెట్టెదే. ఉమ్మడి పాస్‌వర్డ్‌ను బ్రోకర్‌లో ఆపేసే తేదీ ముందే పెట్టుకుని, మెకానిక్‌లకు వాట్సాప్‌లో చెప్పండి.

---

స్టుట్‌గార్ట్‌శీను · గురువారం తెల్లవారుజామున 1:10

ఇంకొకటి అడుగుతాను. కొత్త బోర్డుల సర్టిఫికెట్ల మీద సంతకం చేసే మీ సీఏ కీ ఎక్కడ ఉంటుంది? బోర్డులు అసెంబుల్ చేసేది మీరేనా, బయట ఇస్తారా?

---

బోర్‌స్టార్టర్ · గురువారం ఉదయం 8:00

బయటే. హైదరాబాద్‌లో ఒక అసెంబ్లీ హౌస్. ప్రోగ్రామింగ్ కూడా వాళ్ల దగ్గరే, ఒక ల్యాప్‌టాప్ ఇచ్చాం. సీఏ కీ అందులోనే పెడదామనుకున్నా.

---

స్టుట్‌గార్ట్‌శీను · గురువారం మధ్యాహ్నం 12:25

అలా పెడితే మీరు ఇంతవరకు చేసిందంతా వృథా. ఆ ల్యాప్‌టాప్ కాపీ కొట్టినవాడు తన నకిలీలకు తనే అసలు సర్టిఫికెట్లు ఇచ్చుకుంటాడు. నకిలీలు చాలాసార్లు పుట్టేది కూడా అక్కడే. పగలు వెయ్యి బోర్డులు ఆర్డరుకు, రాత్రి షిఫ్టులో ఇంకో రెండు వందలు వెనక గేటుకు.

రూట్ కీని (అన్నిటికీ పైనుండే సీఏ కీ) మీ దగ్గర ఆఫ్‌లైన్‌లో, బీరువాలో పెట్టుకోండి. దాని కింద ఒక ఇంటర్మీడియెట్ కీని హార్డ్‌వేర్ టోకెన్‌లో మీ సర్వర్ దగ్గర ఉంచండి. అసెంబ్లీ హౌస్ ల్యాప్‌టాప్ బోర్డు నుంచి సంతకం కోసం అభ్యర్థన తీసుకుని నెట్‌లో మీ సర్వర్‌కు పంపాలి. వెయ్యి ఆర్డరిస్తే వెయ్యి సంతకాల తర్వాత సర్వర్ ఆగిపోవాలి. పాడైన బోర్డుల బదులు ఇంకొన్ని అడిగితే ఆ పాడైనవాటి సీరియళ్లు రాసిస్తేనే ఇవ్వండి.

---

బోర్‌స్టార్టర్ · గురువారం మధ్యాహ్నం 12:40

టెండర్‌బాబు గారి డిజిటల్ సంతకం టోకెన్ లాంటిదే కదా? అది పాడైతే?

---

ఫ్యూజ్‌బిట్ · గురువారం మధ్యాహ్నం 12:58

అలాంటిదే, కానీ ఇలా గంపగుత్తగా సంతకాలు చేసే పనికి వేగం సరిపోయేది చూసి కొనండి. పాడైతే బీరువాలోని రూట్‌తో కొత్త ఇంటర్మీడియెట్ చేసుకుంటారు, పాత బోర్డులకు ఏమీ కాదు. అందుకే రూట్ రెండు టోకెన్లలో ఉండాలి, రెండూ ఒకే బీరువాలో ఉండకూడదు. పిన్ దాని మీద స్టిక్కర్‌గా అంటించకండి.

---

టెండర్‌బాబు · గురువారం మధ్యాహ్నం 1:03

నా మీదేనా అది 😀